ఐసు డబ్బాలో పెట్టిన రక్తం

దమ్మపేట దగ్గరి దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఎందరి రక్తమో తీశాను. ఆ పదో తరగతి పిల్లది మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బొగ్గుబాయిలో కాంట్రాక్టు పని చేసే వాళ్ల నాన్నకు టీబీ తేలింది. పిల్లకు దగ్గు లేదు, జ్వరం లేదు, ఎక్స్‌రే కూడా బాగుంది. అయినా రక్తపరీక్ష రిపోర్టు తెస్తే తప్ప హాస్టల్లోకి రానివ్వనన్నది వార్డెన్. పబ్లిక్ పరీక్షలకు నెల కూడా లేదు. నేనే రక్తం తీసి మా దవాఖానా వ్యాన్‌లో ఖమ్మం ల్యాబుకు పంపాను.

టీబీ క్రిమి ఒంట్లో చేరి ఉంటే తెల్లకణాలు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. ట్యూబులో ముందే వేసి ఉంచిన దాని ముక్కలు తగలగానే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్ తయారుచేసి తోటి కణాలను హెచ్చరిస్తాయి. ఖమ్మం ల్యాబులో కొలిచేది ఆ ప్రొటీన్‌నే. కణాలు బతికుంటేనే అది పుడుతుంది.

రిపోర్టు వచ్చింది: 'తేల్చలేము'. వార్డెన్ ఆ ముక్క చూసి పిల్లను గేటు దగ్గరి నుంచే తిప్పి పంపింది. తేల్చలేమంటే జబ్బు ఉన్నట్టా? చదువుకున్న మనిషేనా ఆమె!

మా వ్యాన్ డ్రైవర్‌ను నిలదీశాను.

"ట్యూబులు ఎక్కడ పెట్టినవ్ అన్నా?"

"టీకాల డబ్బాల, ఐసు నడుమ. మంచిగనే పెట్టిన మేడం."

"నీకు బుద్ధున్నదా?"

"గట్లంటవేంది! ఐసు తగ్గితే నీ సంగతి చెప్తనని ఇన్నేండ్ల సంది నువ్వే గద నా పానం తీసినవ్?"

నిజమే. చలికి కణాలు దెబ్బతింటాయని, ఈ ట్యూబులను చల్లబెట్టొద్దని ఒక్క మాట చెప్పలేదు నేను. తప్పు నాది, శిక్ష ఆ పిల్లకు.

రెండోసారి రక్తం తీస్తుంటే పిల్ల నాయనమ్మ నన్ను కడిగేసింది. "పానమున్నదాన్ని ఐసుల పెడ్తరా బిడ్డా? గిది తెల్వనీకి సదువు గావాల్నా?" ట్యూబులను బట్టలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, నాతోపాటు ఖమ్మం బస్సెక్కింది.

ఈసారి టీబీ సోకలేదని తేలింది. మొదటి తప్పు మాదని రాయడానికి రిపోర్టులో గడి లేదు. వెనకవైపు ఎర్రపెన్నుతో రాసి, సంతకం చేసి, పిల్లనూ నాయనమ్మనూ వెంటబెట్టుకుని హాస్టల్‌కు వెళ్లి వార్డెన్ చేతిలో పెట్టాను. ఆమె చదివి తలూపింది.

లోపల పిల్ల మంచం ఒక్కటే తలుపు పక్కన విడిగా వేసి ఉంది. నాకు తల తిరిగినంత కోపం వచ్చింది. నేనూ నాయనమ్మా చెరోవైపు పట్టి దాన్ని మిగతా మంచాల వరుసలోకి లాగుతుంటే ఆ పిల్ల మెల్లగా అన్నది.

"ఉండనియ్ మేడం. మీరు పోయినంక మళ్ల జరుపుతరు."