ఎస్తేరు మేడం రాసిన మాక్రో

పని పూర్తయితే మా ఆఫీసు కంప్యూటర్ టింగుమంటుంది. ఇవాళ మధ్యాహ్నం, పక్క బల్ల మీద ఎవరో పులిహోర డబ్బా మూత తీస్తున్నప్పుడు, మళ్లీ ఆ టింగు వినిపించింది. తెర మధ్యలో చిన్న పెట్టె తెరుచుకుంది. "అయింది. ఇగ ఇంటికి పో" అని ఉంటుంది అందులో. ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగు. మాక్రో రాసే చోట తెలుగు అక్షరాలు కొడితే అన్నీ ప్రశ్నార్థకాలై కూర్చుంటాయి, అందుకని అలా రాయాల్సి వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయి అది చూసి పకపకా నవ్వి, "ఎవరు పెట్టిన్రు మేడం గిది? తీసేద్దామా?" అంది. "చెయ్యి విరగ్గొడతా" అన్నాను. పాపం, బెదిరిపోయింది. ఆ పిల్లకు ఎస్తేరు మేడం తెలియదు. మీకూ తెలియదు. అందుకే చెబుతున్నాను.

జనగామలోని ఒక జిల్లా కార్యాలయంలో నాకు కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం దొరికేనాటికి మా పాప ఇంకా పాకడం కూడా నేర్వలేదు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఎప్పుడు వద్దంటే అప్పుడు సంచి సర్దుకోవాల్సిందే. మా కాపురం మహబూబాబాద్‌లో. మా ఆయన ఆటో నడిపేవాడు. పాపను మా యాడికి అప్పగించి పొద్దున్నే రైలెక్కేదాన్ని. మా లంబాడీ భాషలో అమ్మను యాడి అంటాం. సాయంత్రం రైలు అందితే పాప నిద్రపోయేలోపు ఇంట్లో ఉంటాను. అది తప్పిందా, బస్సు మీద బస్సు మారుతూ పోవాలి. నేను గడప తొక్కేసరికి పాప ఏడ్చి ఏడ్చి, సీసా పాలు తాగి పడుకుని ఉండేది. "పిల్లకంటే ఎక్కువనా నీకు నౌకరి?" అని యాడి రోజూ అడిగేది. ఆ నౌకరి లేకపోతే ఇల్లు గడవదని ఆమెకూ తెలుసు, అయినా అడిగేది.

మిగతా రోజులు ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని కానీ శనివారం వచ్చిందంటే పొద్దుటి నుంచీ గడియారమే చూసుకునేదాన్ని. సోమవారం సమీక్ష ఉంటుంది కాబట్టి నర్మెట్ట నుంచి, రఘునాథపల్లి నుంచి, ఇంకా అన్ని మండలాల నుంచీ ఆ మధ్యాహ్నమే స్లైడ్లు వచ్చేవి. అంచుల నిండా పువ్వులు, చివర పెద్ద అక్షరాలతో ధన్యవాదాలు. మధ్యలో ఎక్కడో ఒక పట్టిక: ఎన్ని బోర్లు నడుస్తున్నాయి, ఎన్ని చెడిపోయాయి, ఏ ఊరికి నీళ్ల ట్యాంకరు పంపాలి. ఒక్కో స్లైడు తెరిచి, ఒక్కో అంకె చూసి, ఎక్సెల్ షీటులో ఎక్కించడం నా పని. అది పూర్తయ్యేసరికి రైలు కాజీపేట దాటి ఉండేది.

ఎస్తేరు మేడం మా సెక్షన్‌కు సూపరింటెండెంట్. ఊరు రఘునాథపల్లి, రోజూ అక్కడి నుంచే వచ్చి పోయేది. మెడలో దారం కట్టిన కళ్లద్దాలు, చేతిలో రెండు గిన్నెల టిఫిన్ క్యారియర్, పని చేస్తున్నంతసేపూ పెదవుల మీద ఏదో చర్చి పాట. ఒక శనివారం నా బల్ల దగ్గరికొచ్చి ఆగింది.

"ఏంది పిల్లా, ఉక్కపోస్తుంటే కొంగు గట్ల నిండ కప్పుకున్నవ్?"

"ఏం లేదు మేడం."

"ఏం లేకుంటే కండ్లల్ల ఆ నీళ్లేంది?"

పాలు గడ్డకట్టి రొమ్ము సలుపుతోందని, జాకెట్టు తడిసిపోయిందని ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పకుండానే ఆమెకు అర్థమైంది. తన సంచిలోంచి తువ్వాలు తీసి ఇచ్చి, "పో, కడుక్కొని రా" అంది. నేను తిరిగి వచ్చేసరికి నా కుర్చీలో ఆమె కూర్చుని అంకెలు కొడుతోంది. ఒక్క వేలితో కొట్టేది. అయ్యో రామా, ఆ వేగానికి ఆ రోజు రైలు కాదు కదా, ఆఖరి బస్సు కూడా తప్పేదే. ఇద్దరం కూర్చుంటే ఎలాగో ముగిసింది.

సోమవారం సమీక్ష ముగిశాక, భోజనాల వేళ నన్ను పిలిచింది. "నాకు బద్ధకం ఎక్కువ బిడ్డా. ఒక్క పని రెండోపాలి చెయ్యాలంటే ఒళ్లు మండుతది. దీనికి మాక్రో రాద్దాం" అంది. మనం చేసే పనిని వరుసగా రాసి పెడితే కంప్యూటర్ దానంతట అదే చేసుకుపోతుంది, ఆ రాతను మాక్రో అంటారు. పాత ఆఫీసులో చిన్నవి కొన్ని రాసిందట. నాకైతే ఆ మాట వినడం అదే మొదలు.

"నువ్వు చేసేది నోటితోని చెప్పు" అంది.

"స్లైడు తెరుస్త. పట్టిక సూస్త. అంకె తీసుకుంట."

"పట్టిక ఏడున్నదో ఎట్ల తెల్సింది?"

"కనపడుతది కద మేడం!"

"నీకు కండ్లున్నయ్. దానికి లేవు. ఇంకో తీరుగ చెప్పు."

రోజూ అదే గొడవ. నేను విసుక్కునేదాన్ని, ఆమె నవ్వేది. "పేరేమో శాంతి, కూసున్నకాడ కూసోవు, నోరు ఊకోదు" అని ఏడిపిస్తూ నా గిన్నెలో చింతచిగురు పప్పు వేసేది. స్లైడు మీద ఉన్న వస్తువులన్నిటినీ వరుసగా అడుగు, నువ్వు పట్టికవా అని అడుగు, కాదంటే వదిలెయ్, అవునంటే రెండో వరుస నుంచి చదువు, చదివింది షీటులో ఆ మండలం పేరు ముందు పెట్టు. ఇలా ఒక్కొక్క మాటా నా నోటితోనే చెప్పించి, నా చేతే రాయించింది. తప్పు వస్తే తను దిద్దేది కాదు, "మళ్ల చదువు" అనేది. చివరి పెట్టెలో మాట మాత్రం తనే రాసింది.

మాక్రో నడిచిన ఆ మొదటి శనివారం నేను గట్టిగా కేక పెట్టాను. స్లైడ్లు వాటంతట అవే తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, షీటులో అంకెలు టపటపా పడుతున్నాయి. టీ తాగి వచ్చేలోపు అంతా ముగిసి, టింగుమంది. ఒక్క రఘునాథపల్లి వరుస మాత్రం ఖాళీగా ఉంది. తెరిచి చూస్తే అక్కడ పట్టిక లేదు, పట్టిక ఫొటో ఉంది. మా కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు చెదిరిపోతాయేమోనని అక్కడి ఆపరేటరు భద్రంగా ఫొటో తీసి అతికించాడు. మాక్రోకు ఫొటో చదవడం రాదు.

"మా ఊరోళ్ల తెలివి సూసినవా?" అని మేడం పడీపడీ నవ్వింది. ఖాళీలో సున్నా పెట్టేద్దామా అని నేను అనగానే ఆ నవ్వు ఆగిపోయింది. "వద్దు బిడ్డా. సున్నా అంటే అక్కడ ఎవ్వలికి నీళ్ల తిప్పలు లేదని. ఖాళీ అంటే మనకు తెల్వదని. ఫోన్ చెయ్, అడుగు." ఫోన్ చేశాను. అటువైపు గొంతులోని యాసను బట్టి మా తండాల మనిషే అని పోల్చుకుని మా భాషలో మాట్లాడాను. అతడు ఫొటోలోని అంకెలతో పాటు, పట్టికలో చోటు లేక రాయలేదంటూ మరో తండాకు కూడా ట్యాంకరు కావాలని చెప్పాడు. అది కూడా షీటులో చేరింది. ఆ సాయంత్రం రైలు అందింది. నేను ఇంట్లోకి అడుగుపెట్టేసరికి పాప మెలకువతో ఉంది. చేతులు చాచింది. ఆ రాత్రి దానికి పాలిస్తూ ఎంత సంతోషపడ్డానో నాకే తెలుసు.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. మా పెద్దసారు మాక్రో నడుస్తుంటే చూసి మెచ్చుకున్నారు. తర్వాతి నెలలో, సెక్షన్‌లో ఒక మనిషిని తగ్గించాలని పైనుంచి ఆదేశం వచ్చింది. "పని ఎట్లాగూ నిమిషాల్లో అయిపోతోంది కదా" అన్నారు. తగ్గించడమంటే ఎవరిని తగ్గిస్తారు? పర్మినెంటు వాళ్లను కదిలించరు. నేనొక్కదాన్నే ఔట్‌సోర్సింగ్.

ఆ రోజు నేను ఎస్తేరు మేడం మీద విరుచుకుపడ్డాను. "మీ మాక్రో నా కొంప ముంచింది మేడం! అంకెలు కొట్టుకుంట ఉంటే కనీసం నౌకరి ఉంటుండె!" అన్నాను, ఆఫీసంతా వినేలా. ఆమె కళ్లద్దాలు తుడుచుకుంది. "జర ఆగు. ఇప్పుడైతే నడువు, రైలు పోతది" అంది, అంతే.

మరో రెండు వారాలకు ఆమెకే ఆర్డరు వచ్చింది, భూపాలపల్లికి. అక్కడ ఖాళీ ఉందట, దూరమని ఎవరూ పోవడం లేదట. సెక్షన్‌లో ఒక మనిషి తగ్గినట్టే కాబట్టి నా ఉద్యోగం నిలబడింది. "అడవి గదా, సల్లగ ఉంటదట" అని నవ్వుతూ టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెళ్లిపోయింది. ఇంటి దగ్గర భర్తకు మోకాళ్ల నొప్పులు, మంచం దిగాలంటే చెయ్యి పట్టుకోవాలి. ఆమె అక్కడ గది అద్దెకు తీసుకుని, ఆదివారాలు మాత్రమే ఇంటికి వచ్చి పోయేది. నేను అదృష్టం కలిసొచ్చింది అనుకున్నాను. ఆ తర్వాత పరీక్ష రాసి, మహబూబాబాద్‌లోనే పర్మినెంటు ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ మాక్రోను కూడా వెంట తెచ్చుకున్నాను.

ఆమె రిటైరైన రోజున పాపను తీసుకుని భూపాలపల్లి వెళ్లాను. అప్పటికి అది బడికి పోతోంది. శాలువాలు, ఫొటోలు ముగిశాక బగారన్నం వడ్డించారు. జనగామ ఆఫీసు అటెండరు కొమురయ్యన్న నా పక్కనే కూర్చున్నాడు. తింటూ తింటూ, "నీ కోసమే గద గీమె ఇంత దూరం వచ్చింది" అన్నాడు.

"నా కోసం ఏంది అన్నా?"

"నీకు తెల్వదా? నేను చాయ్ పట్టుకపోయిన్నాడు పెద్దసారు ముందట నిలబడి అడిగింది. నన్ను పంపుండ్రి సారూ, ఆ పిల్లను కదిలియ్యకుండ్రి, పాలు తాగే బిడ్డ ఉన్నది అని."

ఎంగిలి చేత్తోనే లేచి ఆమె దగ్గరికి పోయాను. అప్పటికే మా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని తన పళ్లెంలోంచి తినిపిస్తోంది.

"ఎందుకు చెప్పలేదు మేడం?" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆమె కొమురయ్యన్న వైపు ఉరిమి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "చెప్తే ఏమైతుండె? మీ దయ మేడం, మీ దయ అనుకుంట నా ముందట తల వంచుకొని తిరుగుతుంటివి. నాతోని కొట్లాడుతుంటివా మళ్ల? నీ నోరు మూతపడితే నాకేం బాగుంటది బిడ్డా?" అంది. "ఇగ ఏడువకు. పిల్ల సూస్తుంది."

మొన్న మా సెక్షన్‌లో ఒకామె బిడ్డకు ఆటలమ్మ పోసింది. ఆమెకు పడిన శనివారం డ్యూటీకి, ఆమెకు తెలియకుండా, నా పేరు రాయించాను. ఎవరికీ చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. పొద్దు గూకేలోపు ముగ్గురికి చెప్పేశాను. ఎస్తేరు మేడంలా చేసి ఊరుకోవడం నాకింకా చేతకాలేదు, నేర్చుకుంటున్నాను. ఆమె అంత జాగ్రత్తగా దాచుకున్నదాన్ని ఇలా పదిమందిలో పెట్టానని తెలిస్తే ఫోన్ చేసి తిడుతుంది. తిట్టనీ. నా నోరు మూతపడకూడదనే కదా ఆమె ఇన్నేళ్లూ చెప్పకుండా ఉన్నది.