ఒళ్లు విదిలించని పుంజు

సూరత్‌లోని డిండోలిలో మా గోడకు ఆ పక్క ఇల్లు లింగవ్వది. మగ్గాల పని కోసం గంగారాం సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి పాతికేళ్లయింది. ఆ పాతికేళ్లలో అతని భార్య లింగవ్వ హిందీ నేర్చుకుంది, గుజరాతీలో పోట్లాడటం నేర్చుకుంది. తప్పు తనదని ఒప్పుకోవడం మాత్రం ఏ భాషలోనూ నేర్చుకోలేదు. నెలకోసారి నేను ఆమెతో మాటలు మానేస్తాను. రెండు రోజులకు తనే కూర గిన్నె పట్టుకుని వస్తుంది, మళ్లీ మొదలుపెడతాను.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ వేసవిలో గంగారాం పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మనిషి ఇల్లు చేరితే పుంజును ఇచ్చుకుంటానని లింగవ్వ పోచమ్మకు మొక్కింది. మనిషి ఇల్లు చేరాడు. ఆషాఢంలో మొక్కు తీర్చాలని పుంజును తెచ్చి వరండాలో కట్టేసింది.

జూన్‌లో పుంజుకు జలుబు పట్టింది. ముక్కు కారుతోంది, కళ్ల కింద వాచింది, దగ్గరికి వెళితే కంపు. పైగా నిమిషానికోసారి తల విదిలిస్తోంది. మొక్కు కోడి మీద పసుపు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు, అప్పుడే కోస్తారు. ఈ పుంజు చుక్క నీరు పడకుండానే పొద్దస్తమానం విదిలిస్తోంది.

"అమ్మ తొందర పెడుతున్నది," అంది లింగవ్వ.

"అమ్మ కాదే, సర్ది," అన్నాడు గంగారాం.

"నీకూ గట్లనే సర్ది అన్నరు. పది దినాలు దవాఖానల పండవెట్టిన్రు. నువ్వు జర సప్పుడు జెయ్యకు."

ఆ మాటతో పుంజు కరోనా రోగి అయిపోయింది. దానికి బాత్‌రూంలో క్వారంటైన్, గంగారాంకు వీధి కుళాయి దగ్గర స్నానం. పొద్దున ఆవిరి, సాయంత్రం మిరియాల కషాయం. గంగారాం వేలికి పెట్టిన ఆక్సిజన్ మిషన్‌ను లింగవ్వ పుంజు కాలి వేలికి తగిలించి చూసింది. అంకె రాలేదు. ఇక శోకాలు మొదలు. ఆ శోకాలకు వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. ఆమె గోల భరించలేక నేనే కోసాడ్‌లో ఉండే మా చిన్నమ్మ కూతురికి వీడియో కాల్ చేశాను. పేరు విజేత, పశువుల డాక్టరు.

"ఇది కరోనా కాదు అక్కా. బ్యాక్టీరియాతో కోళ్లకు వచ్చే జలుబు, మనకు అంటదు. వేరే కోళ్లకు దూరంగ ఉంచు. నేను పంపే మందు నీళ్లల్ల కలిపి తాపు. మందు అయినంక రెండు వారాల దాక కొయ్యద్దు. ఆ మిషన్ ఇంక కోడికి పెట్టకు."

వారానికి వాపు దిగింది. కానీ ఆ వారంలో లింగవ్వకు వేరే జబ్బు పట్టుకుంది. నూకలు అరచేతిలో పోసి తినిపించడం, తడిగుడ్డతో ముక్కు తుడవడం, ఒళ్లో పెట్టుకుని టీవీ చూడటం. ఒకరోజు నన్ను పిలిచి చెప్పింది.

"మొక్కు తీర్చకుంటే మనిషికి ఏమైతదో అని బుగులు, చెల్లె. తీరిస్తే గీ బిడ్డ ఉండది. ఏం జెయ్యాలె?"

ఎప్పుడూ సలహా అడగని మనిషి అడిగేసరికి నాకు దిగులేసింది. "అమ్మకే వదిలెయ్యి," అన్నాను. అంతకన్నా ఏం చెప్పను?

ఆషాఢం చివరి ఆదివారం మా ఇళ్ల వరస చివర వేపచెట్టు కింద, పోచమ్మ రాయి ముందు, మాస్కులు కట్టుకుని నిలబడ్డాం. గంగారాం పుంజును పట్టుకున్నాడు. మొక్కులు తీర్పించే సోమలింగం తాత పసుపు నీళ్లు చల్లాడు. పుంజు కదల్లేదు. ఇంకో చెంబు పోశాడు. చేమాకు మీద పోసినట్టు నీళ్లు జారిపోయాయి. జూన్ అంతా ఊరికే విదిలించిన పుంజు ఇప్పుడు పెళ్లిపెద్దలా నిలబడి చూస్తోంది. తాతకు కోపం వచ్చి బకెట్ ఎత్తి కుమ్మరించాడు. సగం పుంజు మీద, సగం గంగారాం మీద పడ్డాయి.

గంగారాం అసలే జబ్బుపడి లేచిన మనిషి. చన్నీళ్లకు తల నుంచి కాళ్ల దాకా ఒళ్లు విదిలించాడు.

అమ్మ ఒప్పుకున్నది మరి, కానీ ఎవర్ని?

"తాతా," అన్నాడు గంగారాం, పుంజును వదిలేసి రెండడుగులు వెనక్కి వేస్తూ, "ముందుగాల ఆ కత్తి కింద పెట్టు."

లింగవ్వ ముందుకొచ్చింది. "నా మనిషిని అమ్మే మల్ల పంపింది. ఇచ్చినోన్ని తిరిగి అడుగుతదా? పానం మంచిగున్నదా లేదా అని చూసుకున్నది, గంతే. పుంజు ఆమెకు వద్దట. కొబ్బరికాయ కొట్టు తాతా."

ఆమెతో వాదించి గెలిచినవాళ్లు డిండోలిలో లేరు. తాత కొబ్బరికాయ కొట్టాడు.

ఇంటికొచ్చాక పాపం తడిసిందని పుంజును ఎత్తుకున్నాను. చేతులు జిడ్డయ్యాయి. ఈక ఈకకూ కొబ్బరినూనె.

"పొద్దున దీనికి నూనె రాసినవా?" అన్నాను.

"మల్ల సర్ది పట్టద్దని," అంది, నా మొహం చూడకుండా. తర్వాత తువ్వాలు తెచ్చి ముందు గంగారాం తల తుడిచింది. అతను వద్దన్నా చాలాసేపు తుడిచింది. ఆ తర్వాతే పుంజును నా చేతుల్లోంచి తీసుకుంది.