నాన్నను అడిగి వైరు ముట్టుకున్న మేస్త్రి

తెనాలిలో కార్ల వైరింగు పని చేసే మేస్త్రి గారు పోయిన వారం కన్నుమూశారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, నాన్న లేరండి" అంది. బాపట్లలో క్లాసులో ఉన్నాను. పిల్లల్ని పక్క టీచరుకి అప్పగించి బస్సెక్కాను. నేను చేరేసరికి ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. ఆఖరి చూపు దక్కలేదు.

ఆయనకీ మా ఇంటికీ చుట్టరికం లేదు. మాకు ఆయన చేసిపెట్టింది మూడు రోజుల పని.

మా నాన్న రేపల్లెలో రైసు మిల్లు ఫిట్టరు. పని మానేశాక, పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చే కిట్ కారు ఒకటి తెప్పించుకుని వసారాలో తనే బిగించుకున్నారు. ఫైబర్ బాడీ, పాత కారు ఇంజను, రెండే సీట్లు. వైరింగు కూడా ఆయనదే. ఏ వైరు ఎటు పోతుందో కాగితం మీద ఎక్కడా గీసుకోలేదు. తరవాత పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ మాటా పోయాయి. సాయంత్రాలు తమ్ముడు ఆయన్ని ఆ కారులో పక్కనున్న నగరం అనే ఊరి దాకా తిప్పి తెచ్చేవాడు. నాన్నకి ఇంకేమీ తెలియడం లేదనే అనుకున్నాం. ఆయన ఎదురుగానే ఆయన గురించి మాట్లాడుకునేవాళ్ళం.

ఒకరోజు డ్యాష్‌బోర్డు వెనక నుంచి పొగ వచ్చింది. లైట్లు, హారను, వైపర్లు అన్నీ ఆగిపోయాయి. ఊళ్ళో మెకానిక్ చూసి, "ఇదంతా పీకేసి కొత్త వైరింగ్ వేసేద్దామండి" అన్నాడు. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నారు. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. జబ్బు ముదిరిందనుకున్నాం.

అప్పుడు ఎవరో చెబితే తెనాలి నుంచి మేస్త్రి గారు వచ్చారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, నేరుగా నాన్న మంచం దగ్గరికి వెళ్ళారు.

"అన్నగారూ, ఈ కారు మీరే కట్టారంటగా. మీరు పక్కనుంటేనే డ్యాష్‌బోర్డు విప్పుతాను."

"ఆయనకి మాట రాదండి. ఏమీ తెలియదు కూడా" అన్నాను.

"మాట రాదంటే సరేనమ్మా. తెలియదని నీకెవరు చెప్పారు?"

నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి కారు పక్కకి తెచ్చాం. మేస్త్రి గారు స్టీరింగు కింద మరలు తీశారు, మీటర్ల వెనక ప్లగ్గులు లాగారు, డ్యాష్‌బోర్డును మెల్లగా ముందుకి వంచారు. వెనక అన్నీ నల్ల వైర్లే. మిల్లులో మిగిలిన ఒకే రంగు వైరుతో నాన్న కారంతా అల్లేశారు. మేస్త్రి గారు ఒక్కో వైరూ పట్టుకుని, "ఇది హారనుదా అన్నగారూ?" అని అడిగేవారు. అవునంటే నాన్న ఎడమచేతి వేలు లేచేది. కాదంటే కళ్ళు మూసుకునేవారు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. మా నాన్నతో అన్ని మాటలు ఎవరైనా మాట్లాడి ఏడాది దాటింది.

రెండోరోజు ఒక వైరు దగ్గర నాన్న కళ్ళు మూసుకున్నారు. "లేదన్నగారూ, ఇది వైపరుదే, నాకు తెలుసుగా" అని మేస్త్రి గారు కలిపేశారు. ఠప్పున ఫ్యూజు కొట్టేసింది. ఆయన చెయ్యి తుడుచుకుని వచ్చి నాన్న మోకాలి మీద వేశారు. "మీరు వద్దన్నారు. నేనే విన్లేదు. తప్పు నాదండి."

నాన్న నవ్వారు. పక్షవాతం వచ్చాక అదే మొదటి నవ్వు, సగం నోటితో. అమ్మ గరిటె చేత్తో పట్టుకునే వంటింట్లోంచి వచ్చి, చూసి, ఏడ్చేసింది.

కాలిన వైరు మూడోరోజు దొరికింది. జానెడు ముక్క. "కాలేది ఒక్కటేనమ్మా. బండంతా కాలిపోయిందని మనమే అనుకుంటాం" అన్నారు మేస్త్రి గారు.

ఆ మర్నాటి నుంచి అమ్మ కూర తరిగే ముందు, "వంకాయా, దొండకాయా?" అని నాన్నను అడగడం మొదలుపెట్టింది. తరవాత నాన్న ఎనిమిది నెలలే బతికారు. కానీ ఆ ఎనిమిది నెలలూ మాతో బతికారు. పోయిన రోజున మేస్త్రి గారు వచ్చి అరుగు చివర నిలబడ్డారు. ఎవరో "మీరెవరండి?" అంటే, "ఆయనతో కలిసి పని చేశాను" అన్నారు.

పోయిన నెల మేస్త్రి గారు మంచం పట్టారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. బాగా చిక్కిపోయారు. వాళ్ళమ్మాయి వైపు తిరిగి, "అన్నం తింటున్నారా?" అన్నాను.

"నన్నడుగమ్మా" అన్నారాయన మెల్లగా.

అంత చూసి కూడా నేను నేర్చుకోలేదు. ఆయన మాత్రం నవ్వి, బస్సు టైమైపోతుందని నన్నే తొందరపెట్టారు.

ఆయన పోయిన నాలుగోరోజు మళ్ళీ తెనాలి వెళ్ళాను. ఇంటి ముందు రేకుల షెడ్డులో, మంచం పట్టకముందు ఆయన విప్పిన కారు ఒకటి అలాగే ఉంది. పని ముగించడానికి వేరే మేస్త్రి వచ్చాడు. వైర్లకి చిన్న చిన్న చీటీలు కట్టి ఉన్నాయి, అన్నీ ఉర్దూలో. అతనికి ఆ లిపి రాదు. వాళ్ళమ్మాయి తలమీద చున్నీ సర్దుకుని వంగి, ఒక్కొక్కటే చదివి చెబుతోంది.

"ఇది హారను... ఇది కుడి ఇండికేటరు... ఇది ఫ్యాను..."

తరవాతి వైరు చేతిలోకి తీసుకుంది. దానికి చీటీ లేదు. అటూ ఇటూ తిప్పి చూసింది. వదల్లేక, దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది.