రొయ్య తినని రుచి అధికారి

1981 జూన్‌లో నన్ను కాకినాడ నుంచి విశాఖపట్నం బదిలీ చేశారు. హోదా టెక్నికల్ ఆఫీసర్. ఎగుమతికి వెళ్ళే చేపల్నీ రొయ్యల్నీ పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ కార్యాలయం అది. ఫిషింగ్ హార్బర్‌కు దగ్గర్లో, కిటికీ తీస్తే ముందు వాసనా తరవాత గాలీ వచ్చే మేడ మీద ఉండేది. జీతం పుచ్చుకుని రొయ్యలు తినే ఉద్యోగం అని మా బావమరిది ఊరంతా గొప్పగా చెప్పుకున్నాడు. నమిలి ఉమ్మేసే ఉద్యోగమని చెప్పి నా పరువు నేనే తీసుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

పని చెప్పుకోవడానికి తేలికే. గడ్డకట్టించిన రొయ్యలు బ్లాకులుగా వస్తాయి. ఒకే రోజు తయారైన బ్లాకులన్నీ కలిపి ఒక లాట్. అందులోంచి కొన్ని తీసి, మంచు కరిగించి, క్రిముల పరీక్షకు కొంత లేబొరేటరీకి పంపేవాళ్ళం. మిగిలింది నాలుక పని. పలచటి ఉప్పునీళ్ళు మరుగుతుండగా రొయ్యలు వేసి, నాలుగు నిమిషాల్లో దించి, వేడి ఆరేలోగా ముగ్గురు సభ్యుల ప్యానెల్ రుచి చూడాలి. రంగుకూ వాసనకూ గట్టిదనానికీ రుచికీ విడివిడిగా మార్కులు వేయాలి. రుచి గడిలో ‘స్వీట్’ అని అచ్చు వేసి ఉండేది. పంచదార తీపి కాదు. తాజా రొయ్యలో పుట్టుకతోనే ఉండే సన్నటి తీపి. ఐసులో ఎక్కువ రోజులు నానినా, పొయ్యి మీద ఎక్కువసేపు ఉడికినా అది నీళ్ళలోకి జారిపోతుంది.

ప్యానెల్‌లో నేనొకణ్ణి. రెండో మనిషి టెక్నికల్ అసిస్టెంట్ మేరీ. భీమిలి అమ్మాయి. రొయ్య నోట్లో పెట్టుకుంటే అది పట్టుబడిన రోజు చెప్పగలిగేది. అధ్యక్షులు మా అసిస్టెంట్ డైరెక్టర్ చంద్రశేఖరం గారు. ఆయన కోడిగుడ్డు వాసన తగిలిన గ్లాసులో మంచినీళ్ళు కూడా తాగని శాకాహారి. కార్యాలయంలో అందరికన్నా పెద్ద అధికారే అధ్యక్షుడు కావాలని నిబంధన ఉంది. ఆ పెద్ద అధికారి రొయ్యలు తినేవాడై ఉండాలని మాత్రం లేదు. నిబంధనలు రాసినవాళ్ళకు ఆ అనుమానం ఎందుకో రాలేదు.

అయినా ఆయన మార్కులు వేసేవారు. ప్లేటు ముందు పెట్టుకుని, ఫోర్కుతో రొయ్యను అటూ ఇటూ దొర్లించి, మా ఇద్దరి దవడల వైపు చూసేవారు. దవడలు చురుగ్గా ఆడితే మంచి మార్కులు. నెమ్మదిస్తే కోత. మేరీ మొహం చిట్లించిందంటే ఆ లాట్ సంగతి అంతే. మూడేళ్ళుగా ఇలాగే సాగుతోందనీ, ఒక్క పొరపాటు కూడా జరగలేదనీ మేరీ నాకు మొదటి వారమే చెప్పింది. నా పోస్టు అన్నాళ్ళూ ఖాళీగా ఉందట. నేను వచ్చాక దవడలు రెండయ్యాయని ఆయన సంతోషించి ఉంటారు.

నోటితో చేయాల్సిన పని తప్పిందన్న లోటు ఆయన మాటలతో పూడ్చేవారు. ఉద్యోగంలో చేరకముందు ఇంగ్లీషు ఎమ్మే. ‘స్వీట్’ అన్న మాట మీద ఆయనకున్న మమకారం చూస్తే ఆ మాటను కన్నది ఆయనే అనిపించేది. రొయ్యలు ఉడుకుతుంటే ఆయన మొదలుపెట్టేవారు. అది మన సంస్కృతం ‘స్వాదు’కు చుట్టమట. గ్రీకుల ఇంట్లోనూ దానికి దాయాదులున్నారట. మన పోర్టులో ఓడలకు ఎక్కించే మంచినీళ్ళను నావికులు స్వీట్ వాటర్ అంటారట. అవతల రిఫైనరీలో గంధకం తక్కువున్న ముడిచమురు స్వీట్ క్రూడ్ అట. పూర్వం నూనె బావులు తవ్వినవాళ్ళు నాలుకకు రాసుకుని చూసేవారని ప్రతీతి. మిఠాయికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన స్వీట్‌మీట్ అన్న పేరులో మీట్ అంటే మాంసం కాదు, పాత ఇంగ్లీషులో ఏ తిండైనా మీటే అని చెప్పేటప్పుడు ఆయన గొంతులో ప్రత్యేకమైన తృప్తి ధ్వనించేది. నేనూ మేరీ గంగిరెద్దుల్లా తలలూపేవాళ్ళం. మామూలు రోజుల్లో ఉపన్యాసం నాలుగు నిమిషాలకు సరిపోయేది.

ఆ ఏడు వర్షాకాలం చివర పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చారు. ఆ రోజు ప్యానెల్ ముందుకొచ్చింది అప్పలరాజు లాట్. అతను ఏళ్ళ తరబడి పెద్ద కంపెనీలకు రొయ్యలు ఒలిపించి ఇచ్చి, చివరికి చిన్న ప్లాంటు పెట్టుకున్నాడు. సొంత పేరుతో పంపుతున్న మొదటి సరుకు. ఆ సాయంత్రానికి ఓడ ఎక్కాలి. ఎక్కకపోతే కోల్డ్ స్టోరేజీలో చోటు లేదు, ప్లాంటు మూసుకుని మళ్ళీ పాత పనికి పోవాలి. అతను పొద్దుటి నుంచీ వరండాలో నిలబడే ఉన్నాడు.

కొత్త శ్రోత దొరికేసరికి చంద్రశేఖరం గారి ఉపన్యాసం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. గ్రీకులు వచ్చారు, లాటిన్‌వాళ్ళు వచ్చారు, జర్మన్లు కూడా వచ్చి కూర్చున్నారు. అధికారి మర్యాదస్తుడు, మధ్యలో ఒక సందేహం కూడా అడిగారు. గిన్నె దించడానికి మేరీ రెండుసార్లు లేచింది. చంద్రశేఖరం గారు చేత్తో కూర్చోమన్నారు. దించేసరికి రొయ్యలు బిగుసుకుపోయి రబ్బరు ముక్కల్లా ఉన్నాయి. తీపి నీళ్ళలో కలిసిపోయింది. నా దవడ నెమ్మదించింది, మేరీది ఆగింది. అధికారి కూడా రుచి చూసి, సహజమైన తీపి లేదన్నారు. దవడల తీర్పు ప్రకారం చంద్రశేఖరం గారు లాట్ తప్పిందని రాశారు. స్వీట్ గురించి అంతసేపు మాట్లాడి, స్వీట్ లేదని సంతకం చేశారు.

వరండాలో అప్పలరాజు నా చెయ్యి పట్టుకున్నాడు. “నా సరుకు బాగోనేదా బాబూ? పొద్దున్న ఇదే లాట్లోవి మా ఇంట్లో వండినాం. నాను తిన్నాను, నా పిల్లలు తిన్నారు. ఏటైనాదో సెప్పండి.”

ఉండమని చెప్పాను. లోపలికి వెళ్ళి, అధికారి టీకి దిగిన సమయం చూసి, మళ్ళీ పరీక్ష చేద్దామని చంద్రశేఖరం గారిని అడిగాను. మేరీ నాకన్నా సూటిగా చెప్పింది. “సరుకులో తప్పు నేదు సార్. మీరు సెప్తన్నంతసేపూ అది ఉడుకుతానే ఉంది.”

రెండో పరీక్షకు అధ్యక్షుడు అనుమతించాలి. అయితే తనిఖీ అధికారి ఉన్నప్పుడు రెండో పరీక్షలో సభ్యులు ఒక్కొక్కరూ ఆయన కళ్ళెదుట రుచి చూడాలి. దవడల పద్ధతి అక్కడ చెల్లదు. ఈ సంగతి నాకు తెలుసు, మేరీకి తెలుసు, మాకన్నా బాగా చంద్రశేఖరం గారికి తెలుసు. కాదంటే అడిగేవాడు లేడు. ఫైలు మూసేసి భోజనానికి వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతారనే నేను అనుకున్నాను. ఆయన కాసేపు కిటికీలోంచి వరండా వైపు చూసి, పొయ్యి వెలిగించమన్నారు.

ఈసారి గదిలో ఎవరూ మాట్లాడలేదు. నీళ్ళు మరిగే చప్పుడు ఆ గదిలో నేను మొదటిసారి విన్నాను. సమయానికి మేరీ గిన్నె దించింది. నేను తిన్నాను, ఆమె తిన్నది. అధికారి ఫోర్కు కింద పెట్టి, చంద్రశేఖరం గారి వైపు తిరిగి, మీ అభిప్రాయం ఏమిటని మర్యాదగా అడిగారు. ఆయన ప్లేటు పక్కకు జరిపి, ఫారం దగ్గరకు లాక్కుని రాయడం మొదలుపెట్టారు. తాను ఇవి తిననందువల్ల రుచి చూడలేదనీ, తన స్థానంలో ప్యాకింగ్ విభాగపు ఇన్‌స్పెక్టర్‌ను సభ్యుడిగా నియమిస్తున్నాననీ రాసి సంతకం పెట్టారు. పక్క గదిలోంచి ఇన్‌స్పెక్టర్ వచ్చి, రొయ్య తిని, ఇంకొకటి అడిగాడు. అధికారి ఒప్పుకున్నారు. లాట్ పాసైంది. సరుకు సాయంత్రానికి ఓడెక్కింది. అప్పలరాజు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. చంద్రశేఖరం గారిని చాటుగా ఎంత వెక్కిరించుకున్నా, ఆ పూట ఆయనంటే నాకు గౌరవం కలిగింది.

పై ఆఫీసుకు కలగలేదు. నెల తిరక్కుండా మెమో వచ్చింది. ఫలానా తేదీన ప్యానెల్ అధ్యక్షుడై ఉండి రుచి చూడకపోవడం విధి నిర్వహణలో లోపం, సంజాయిషీ ఇవ్వవలసింది అని. ఆయన ‘నేను శాకాహారిని’ అని ఒక్క ముక్క రాసి పంపారు. ఏ అర్థాలూ వివరించలేదు. ఆ ఏటి ఇంక్రిమెంటు ఆపి, మిరియాలూ పసుపూ పరీక్షించే విభాగానికి మార్చారు. అంతకుముందు మూడేళ్ళ గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఫారాలన్నిటిలోనూ ఆయన రొయ్యలు తిన్నట్టే ఉంది, స్వీట్ గడిలో మార్కులు కూడా ఉన్నాయి.

ఆ కుర్చీ తరవాత నాకొచ్చింది. పదవీ విరమణ దాకా ఆ పనిలోనే ఉన్నాను. ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. మా శాఖలో తినని రొయ్యకు మార్కులు వేయవచ్చు. తినలేదని మాత్రం రాయకూడదు.