తలుపు లేని బడి

ఇక దీన్ని మోయడం నా వల్ల కాదు. అరవై దాటాయి, మోకాళ్ళు అరిగాయి, గుండెకు రోజూ మాత్ర వేసుకుంటున్నాను. కానీ నన్ను వంగదీసింది వయసు కాదు. ఇరవై రెండేళ్ళప్పుడు నేను రాసిన ఒక వాక్యం. దాన్ని చదివి పెద్దపెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు, పిలిచి బంగారు పతకం ఇచ్చారు. ఆ వాక్యం అబద్ధం. రాస్తున్నప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెబితే 'పోనీలెండి, చిన్నతనం' అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏం చిన్నతనం? ఆ వయసుకే సుబ్బులు ముగ్గురు పిల్లల తల్లి. ఆమెకి లేని చిన్నతనం నాకెక్కడి నుంచి వచ్చింది?

మాది నూజివీడు. నాన్నగారు హైస్కూల్లో తెలుగు మేస్టారు. నేను హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివాను. ఎనభైల్లో సంగతి. మా క్లాసులో ఆడపిల్లలం చాలా తక్కువ. చివరి సంవత్సరం థీసిస్ అని ఒకటి చెయ్యాలి. ఒక చోటు ఎంచుకుని, అక్కడి మనుషుల్నీ చెట్లనీ గాలినీ నీటినీ బాగా చూసి, అక్కడ ఏం కడితే బాగుంటుందో గీసి చూపించాలి. నేను బడి ఎంచుకున్నాను. రెడ్డిగూడేనికీ చాట్రాయికీ నడుమ, మామిడి తోటల మధ్యలో ఒక కూలీల పేట ఉంది. పేరు రాయను. ఆ పేట బడి తాటాకుల పాక. అంతకు ముందు ఏడు గాలివానకి అది లేచిపోయింది. పంచాయతీ సమితివాళ్ళు రెండు గదుల పక్కా బడి కట్టిస్తామన్నారు. పేట చివర రోడ్డు పక్కన కొంత పోరంబోకు జాగా ఉంటే అదే ఖాయం చేశారు. అందులో ఎలాంటి బడి కడితే బాగుంటుందో తెలుసుకుందామని నేను బస్సెక్కి వెళ్ళాను.

అక్కడ సుబ్బులుతో మాట్లాడాను. ఆ పేట మనిషి, నా ఈడుదే. తోటల్లో కూలికి వెళ్ళేది. పాదులు చేసేది, కోతల్లో కాయల గంపలు మోసేది. పెద్దకూతురు వెంకటలక్ష్మి రెండో తరగతి. ఎలాంటి బడి కావాలని అడిగాను. ఆ మాటలు ఇవాళ్టికీ ఒక్కటి కూడా మర్చిపోలేదు. మర్చిపోతే ఎంత బాగుండేది!

"గోడలుండాలండీ," అంది. "గోడలు, పైన శ్లాబు. ఓ తలుపు."

"తలుపెందుకు? గాలీ వెలుతురూ రావాలి కదా?"

"గాలికేం కొదవండీ! మా ఇళ్ళనిండా గాలేగా." నవ్వింది. "తలుపుండాలి, దానికి తాళం ఉండాలి. తాళంచెవి మా పేటలోనే ఎవరి దగ్గరన్నా ఉండాలి. అప్పుడది మాది. లేసి పొమ్మనేవోడు ఉండడు."

"అది కాదు సుబ్బులూ, చుట్టూ ఇన్ని తోటలున్నాయి. చెట్ల కింద చల్లగా కూచుని చదువుకుంటే?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీరు పుట్టింది నూజివీట్లోనే కదండీ అమ్మాయిగారూ? కాయ మీదున్న చెట్టు కిందకి మా పిల్లల్ని ఎవరు రానిస్తారండీ?"

నేనూ నవ్వేశాను. నిజమే మరి, నాకు తెలియనిదా? మా ఊళ్ళో ఏ పిల్లని అడిగినా చెబుతుంది. పూత వచ్చిందంటే తేనెమంచు పురుగు పడుతుంది, కింద కూచున్నవాళ్ళ మీద జిగురు కారుతుంది. దానికి మందు కొడతారు, ఆ ఛాయలకి వెళ్ళకూడదు. పిందె కట్టిందంటే కాపలావాళ్ళు కర్రలు పట్టుకుని తిరుగుతారు. చెట్టు నీడ చూడటానికి అందరిదీ. చెట్టు మాత్రం ఆసామిది.

హాస్టలుకి వెళ్ళి ఆమె చెప్పినట్టే గీశాను. రెండు గదులు, దళసరి గోడలు, ముందు వరండా, పడమటి ఎండ పడకుండా రెండు వేపచెట్లు, ఒక తలుపు. మా గైడు మాస్టారు చూశారు. ఇదేంటమ్మా, గోడౌనా, అన్నారు. కాన్సెప్టు ఏదీ, ఆ మామిడి తోటలేవీ, ప్రకృతి ఒళ్ళో పెరిగే ఆ పిల్లలేరీ అన్నారు. ఆయన మామిడికాయని గంపలో తప్ప చెట్టు మీద చూసిన మనిషి కాదు. ఆ పిల్లల తల్లి అడిగింది గోడలేనండీ అని అక్కడే ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనలేదు. ఎందుకనలేదు? ఆయన కళ్ళల్లో నేను మామూలు పిల్లనైపోతానని భయం. అంతే. ఇంతకన్నా గొప్ప కారణం కోసం ఏళ్ళ తరబడి వెతుక్కున్నాను, దొరకలేదు.

మేం గీసేది ట్రేసింగ్ కాగితం మీద. సిరా ఆరిందంటే రబ్బరుతో పోదు, సగం బ్లేడు పట్టుకుని మెల్లగా గీకాలి. ఆ మధ్యాహ్నం కూచుని గోడలన్నీ గీకేశాను. శ్లాబు గీకేశాను. తలుపు గీకేశాను. నల్లటి పొడి లేచింది, ఊదేశాను. తర్వాత బడిని ఆ జాగాలోంచి లేపి పక్కనున్న తోటలోకి మార్చాను. చెట్టుకో తరగతి. చెట్టు చుట్టూ మట్టి అరుగు. అరుగు నుంచి అరుగుకి సన్నటి కాలిబాట, వాననీళ్ళు ఇంకడానికి గడ్డి కాలవలు, ఏ గంటకి ఏ నీడ ఎటు జరుగుతుందో దాన్నిబట్టి పిల్లలు జరిగి కూచునేలా గీశాను. అందంగా ఉంది. ఇవాళ చూసినా అందంగానే ఉంటుంది, అదే నాకు కడుపుమంట. అడుగున పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాశాను. తెలుగులో చెబితే ఇదీ: 'ఇక్కడి ప్రజలు గోడలు కోరలేదు. నీడ కోరారు.'

ఎవరు కోరారమ్మా? ఏ ప్రజలు? నువ్వు మాట్లాడిన మనిషి నీ మొహం మీదే నవ్విందే! ఆమె మాట చెరిపేసి నీ మాట ఆమె నోట్లో పెట్టడానికి చెయ్యెలా వచ్చిందే నీకు?

థీసిస్‌లకి మార్కులు వేసే జ్యూరీకి బొంబాయి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నా షీట్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ వాక్యం పైకి చదివి, మన పల్లెల ఆత్మ ఇదేనంటూ కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ చిన్నపిల్లాడినైపోయి ఆ అరుగు మీద కూచోవాలనుంది అన్నాడు. కూచోవయ్యా! శ్రావణమాసం జడివానలో కూచో. మందు కొట్టిన మర్నాడు కూచో. నీకేం, కారెక్కి వెళ్ళిపోతావు. ఇదంతా ఇప్పుడంటున్నాను. అప్పుడు చేతులు జోడించి వినయంగా నవ్వాను.

స్టూడెంట్లు గీసినవి ఎవరు కడతారులే అనుకున్నాను. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్న సాకు అదే. అదీ అబద్ధమే. ఎందుకంటే ప్రెసిడెంటుగారు వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను.

ఆయన ఆ ఊరి పంచాయతీ ప్రెసిడెంటు. నేను బడి గీసిన తోట ఆయనదే. నాన్నగారి దగ్గర చదువుకున్నవాడు. కూతురికి పతకం వచ్చిందని నాన్నగారు మురిసిపోతూ నా షీట్లు పరిచి చూపించారు, ఆ వాక్యం చదివి అర్థం చెప్పారు. ప్రెసిడెంటుగారు ఆ షీట్లని చూసిన చూపు నాకు బాగా గుర్తు. పోరంబోకు జాగా దగ్గర వేలు ఆగింది. రోడ్డు పక్క జాగా, లారీ నేరుగా వచ్చి ఆగుతుంది. కాయలు పోసుకోవడానికి ఆయన చాన్నాళ్ళుగా దాని మీద కన్నేశాడని ఊరందరికీ తెలుసు. బడికి నా తోటే ఇచ్చేస్తానమ్మా, ఆ కాగితాలు ఒకసారి ఇస్తావా అన్నాడు. ఎంత దొడ్డ మనసు నాయనా అని నాన్నగారు కరిగిపోయారు. నాకు అంతా అర్థమైంది. కాగితాలు చుట్టి ఆయన చేతిలో పెట్టాను.

సమితి ఆఫీసరు ఒక రోజు ఆ ఊరు వచ్చారు. ప్రెసిడెంటుగారి వరండాలో కుర్చీలు వేశారు. నాన్నగారూ నేనూ వెళ్ళాం. పేట నుంచి ఒక్కరిని కూడా పిలవలేదు. ఆఫీసరు మంచివాడు. షీట్లన్నీ ఓపిగ్గా చూసి, అనుమానంగా నావైపు తిరిగి అడిగాడు: "ఏమ్మా, వాళ్ళు నిజంగానే గోడలు వద్దన్నారా?"

నాన్నగారు నావైపు గర్వంగా చూస్తున్నారు. ప్రెసిడెంటుగారు మజ్జిగ గ్లాసు అందిస్తున్నారు.

"అవునండీ," అన్నాను.

ఆ రోజు గైడూ లేడు, జ్యూరీ లేదు, మార్కులూ లేవు. నా నోరు, నా మాట. గొంతు కూడా వణకలేదు.

పేటకి ఇస్తామన్న రెండు గదులూ వేరే ఊరికి వెళ్ళిపోయాయి. పోరంబోకులో ప్రెసిడెంటుగారి కాయల షెడ్డు లేచింది. దానికి గోడలున్నాయి. పెద్ద తాళం కూడా ఉంది.

బడి తోటలో మొదలైంది. వానాకాలమంతా సగం రోజులు సెలవే. పూత వచ్చాక పలకలు జిగురుతో అతుక్కుపోయేవి. మందు కొట్టే రోజుల్లో మేస్టారు పిల్లల్ని ఇళ్ళకి పంపేసేవారు. కాయ కాస్త ముదిరాక కాపలావాడు వచ్చి రోజూ పిల్లల సంచులు వెతికేవాడు. వెంకటలక్ష్మి సంచిలో ఒక కాయ దొరికింది. రాలిన కాయ. రాలిన కాయ ఏరుకోని పిల్ల మా ప్రాంతంలో ఉంటుందా? నేను ఏరుకోలేదా? దొంగతనమని, తరగతిలో అందరి ముందూ, కర్రతో చేతుల మీద కొట్టాడు. మేస్టారు తల వంచుకుని కూచున్నారు. పాపం ఆయన మాత్రం ఏమనగలడు? ఆ అరుగు ప్రెసిడెంటుగారిది, నీడ ప్రెసిడెంటుగారిది. మర్నాటి నుంచి కోతలయ్యేదాకా బడి వద్దన్నారు ప్రెసిడెంటుగారు. కోతలయ్యాక మేస్టారు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. తర్వాత ఆ అరుగుల మీద గంపలు పెట్టుకున్నారు. వెంకటలక్ష్మి చదువు రెండో తరగతితో సరి.

ఇదంతా నాకెలా తెలుసు? సెలవుకి ఇంటికి వెళ్ళినప్పుడు, భోజనాల దగ్గర నాన్నగారే చెప్పారు. నీ బడి నిలబడలేదమ్మా, ఆ పిల్లలకి దొంగబుద్ధులు పోవు, ఏం చేస్తాం అన్నారు. నీ బడి అన్నారు. ఆ క్షణాన విస్తరి ముందు నుంచి లేచి చెప్పాల్సింది. నేను పెరుగు కలుపుకున్నాను. పైగా నాన్నగారి మీద కోపం తెచ్చుకున్నాను, దొంగబుద్ధి అన్నందుకు! ఏ మొహం పెట్టుకుని? కాయ తీసింది వెంకటలక్ష్మి, బడినే దొంగిలించింది నేను.

పతకం చూసి ఉద్యోగం ఇచ్చారు. తర్వాత నేనూ పాఠాలు చెప్పాను. సిగ్గులేకుండా ఆ షీటు స్లైడు చేయించి ఏటా చూపించాను. స్థలం ఏం చెబుతుందో వినండి, అక్కడి మనుషులు ఏం చెబుతారో వినండి అని చెప్పాను. పిల్లలు బుద్ధిగా రాసుకునేవారు. నోట్సు రాసుకుంటున్న ఆ తలల్ని చూస్తే ఒక్కోసారి డస్టరు విసిరి కొట్టాలనిపించేది. వాళ్ళ మీద కాదు.

ఇప్పుడు అసలు చెప్పలేనిది చెబుతాను. పైన చెప్పినవన్నీ ఏదో ఒకలా సర్దుకుని బతికాను. ఇది సర్దుకోలేదు.

చాలా ఏళ్ళ తర్వాత మైలవరం బస్టాండులో సుబ్బులు కనబడింది. నేను తప్పుకు పోదామనుకున్నాను. ఆమే గుర్తుపట్టి వచ్చి చెయ్యి పట్టుకుంది. మేస్టారి అమ్మాయిగారు కదూ అంది. మా పిల్లల కోసం ఎండలో పడి వచ్చారు, ఎంత కష్టపడ్డారు, అంది. "నే చెప్పినట్టే మీరు గోడలు గీసే ఉంటారు. ఆ పెసిడెంటే మార్పించేసుంటాడు. అవునాండీ?"

ఆమె కళ్ళల్లో ఒక్క రవ్వ అనుమానం లేదు. అన్నేళ్ళుగా నన్ను తన పక్షాన నిలబెట్టుకుని, నా తరఫున అందరితో వాదిస్తూ బతికినట్టుంది. 

"అవును సుబ్బులూ," అన్నాను. "ఆయనే మార్పించాడు."

పక్కన చంటిపిల్లని ఎత్తుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. మా లక్ష్మండీ అంది సుబ్బులు. అంతలో ఒక బస్సొచ్చి ఆగింది. వెంకటలక్ష్మి బోర్డు వంక చూసి, నావైపు తిరిగి, మొహమాటంగా అడిగింది. "కాస్త చదివి చెప్పండి అమ్మగారూ, రెడ్డిగూడెం బస్సేనా?"

చదివి చెప్పాను. ఆ పేటవాళ్ళకి నేను చెప్పిన నిజం అదొక్కటే. వాళ్ళు బస్సెక్కారు. సుబ్బులు కిటికీలోంచి చెయ్యి ఊపింది, నేనూ ఊపాను.

ప్రెసిడెంటు పోయాడు, గైడు మాస్టారు పోయారు, నాన్నగారు పోయారు. తిట్టుకోవడానికి ఇంకెవరూ మిగల్లేదు. సుబ్బులు ఉందో లేదో కనుక్కోవడం కష్టమేమీ కాదు, నూజివీడు ఫోను చేస్తే సాయంత్రానికి తెలుస్తుంది. చెయ్యలేదు. ఆమెకి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నా చెయ్యి పట్టుకోరు. ఇదీ పిరికితనమే, నాకు తెలుసు. క్షమించమని అడగను. మీరెవరు క్షమించడానికి?

సుబ్బులు గోడలు అడిగింది. గీకేసింది నేనే. ఎవరూ మార్పించలేదు. ఇది రాశాక, ఇన్నేళ్ళలో మొదటిసారి గుండెల్నిండా ఊపిరి పీల్చుకున్నాను. అంత సుఖంగా ఊపిరి ఆడినందుకు నా మీద నాకు మళ్ళీ కోపం వచ్చింది.