రాక్ బ్యాండుకు నేను వేసిన తడి దండ

బాపట్లలో ఒక సాయంత్రం నేను ఒక్క పూలదండతో రాక్ కచేరీ మొత్తాన్ని ఆపేశాను. కరెంటు పోయింది, పాట ఆగింది, నా పరువు పోయింది, సరిగ్గా ఆ వరసలోనే. అతిశయోక్తి అనుకునేవాళ్ళు అనుకోండి, దండ మోసినవాణ్ణి నేను.

ఎనభైల చివర్లో సంగతి ఇది. మాది రేపల్లె. తెనాలి కాలేజీలో నాకు ఇమ్మానియేలు దొరికాడు. లూథరన్ చర్చిలో గిటార్ వాయించేవాడు, నెమ్మదస్తుడు. అప్పటికి మా మేనమామ మద్రాసు నుంచి తెచ్చిన ఒక రాక్ బ్యాండు క్యాసెట్ నా దగ్గరుండేది. ఆ బ్యాండువాళ్ళు మద్రాసువాళ్ళే, మా నాన్నల వయసువాళ్ళు, అయినా జుట్టు భుజాల దాకా. పాటలు ఇంగ్లీషువి. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు, కానీ తల మాత్రం మెడ పట్టేదాకా ఊపేవాణ్ణి. ఆ క్యాసెట్ నేను వినీ వినీ ఇమ్మానియేలుకు ఇచ్చేశాను. భద్రంగానే ఇచ్చాననుకోండి.

అందులో ఒక పాట మధ్యలో గిటార్ ఒక్కటే మోగుతుంది. స్వరం మెట్టుమెట్టుగా పైకి వెళ్తూ, ఉన్నట్టుండి ఒక్క గెంతు గెంతి ఎక్కడో పాతాళంలో దిగుతుంది. ఆ గెంతు మీద మావాడు ప్రాణం పెట్టుకున్నాడు. క్యాసెట్ వెనక్కి తిప్పడం, వినడం, వాయించడం, తల పట్టుకోవడం. ఏళ్ళ తరబడి అదే పని.

"ఆయన వేళ్ళు ఒక్కసారి దగ్గర్నుంచి చూస్తే చాలురా శివా. ఈ జన్మకి ఇంకేం అక్కర్లేదు" అనేవాడు.

అలాంటి రోజుల్లో ఆ బ్యాండు బాపట్లలో ఒక కాలేజీ ఉత్సవాలకు వస్తోందని తెలిసింది. ఇక కచేరీలు మానేస్తారట, మళ్ళీ ఇటు రారట. ఇమ్మానియేలుకు అన్నం సయించలేదు.

"ఖాళీ చేతుల్తో ఎలా వెళ్తాంరా?" అన్నాను నేను.

"టిక్కెట్టు ఉంటుందిగా చేతిలో."

"అది కాదురా. దండ వెయ్యాలి."

"రాక్ బ్యాండుకి దండేంటిరా?"

వాడికేం తెలుసు. నేను పద్యనాటకాలు చూసి పెరిగినవాణ్ణి. మా వైపు నటుడు రాగం బాగా తీశాడంటే జనం చివరిదాకా ఆగరు. పద్యం మధ్యలోనే ఎవరో ఒకరు స్టేజి ఎక్కి దండ వేస్తారు. నటుడు దండం పెట్టి దండ అందుకుంటాడు, కింద నుంచి 'వన్స్ మోర్' అని కేకలేస్తారు, ఆయన పద్యం మళ్ళీ మొదలెడతాడు. ఆ లెక్కన దండ వేస్తే ఆ గెంతు రెండుసార్లు వినొచ్చు. చూశారా, నా ఆలోచన ఎంత దూరం వెళ్ళిందో.

తెనాలి మార్కెట్లో మోకాళ్ళ దాకా వేలాడే బంతిపూల దండ కొన్నాను. రైల్లో ఎండకు వాడిపోతోందని బాపట్ల స్టేషన్లో కుళాయి కింద పెట్టాను. చాలలేదనిపించి బకెట్లో ముంచాను.

"నీళ్ళు కారుతున్నాయిరా" అన్నాడు ఇమ్మానియేలు.

"తాజాదనం రా అది."

సూర్యుడు దిగుతుండగా కచేరీ మొదలైంది. మేం స్టేజి పక్కనే చోటు పట్టాం. ఆ పాట వచ్చింది. తెల్లజుట్టు పెద్దాయన ముందుకొచ్చి గిటార్ ఎత్తాడు. ఇమ్మానియేలు రెప్ప వేయడం మానేశాడు. స్వరం పైకి వెళ్తోంది, వెళ్తోంది. రాగం పండిందనిపించింది నాకు. అంతే, ఎక్కేశాను.

దండ ఆయన మెడలో పడింది. దానిలోని నీళ్ళు ఆయన కాళ్ళ దగ్గరున్న ప్లగ్గుల పెట్టెలో పడ్డాయి. ఠప్పుమని ఒక చప్పుడు. స్టేజి మొత్తం మూగబోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు వినపడింది, 'వన్స్ మోర్' అని. అది నాదే.

నిర్వాహకుడు పరుగెత్తుకొచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. "ఎవరయ్యా నువ్వు? ఎవరు ఎక్కమన్నారు?"

"అభిమానినండి."

"నీ అభిమానం తగలెయ్య" అంటూ నన్ను స్టేజి వెనక్కి లాక్కెళ్ళాడు. వెనకాలే ఇమ్మానియేలు వచ్చాడు. నన్ను తిట్టలేదు. వాడి కళ్ళలో నీళ్ళు. అది చూశాక నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఫ్యూజులు మార్చేలోగా పెద్దాయన వచ్చి, మెడలో దండతోనే కుర్చీలో కూర్చున్నాడు. మద్రాసులో పెరిగినా తెలుగు బాగానే వచ్చు ఆయనకు. "ఆ అబ్బాయెందుకు ఏడుస్తున్నాడు?" అన్నాడు.

నేనే చెప్పాను. "సార్, ఆ గెంతుడు ముక్క మీ వేళ్ళ మీద చూద్దామని వచ్చాడండి."

"ఏ గెంతుడు?"

ఇమ్మానియేలు గొంతుతో పాడి వినిపించాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇది మా పాటలో లేదు బాబూ."

"ఉందండి. మా క్యాసెట్లో ఉందండి."

సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది నాకు. రేపల్లెలో మా టేప్‌రికార్డర్ ఒకరోజు ఆ క్యాసెట్ రీలు నమిలేసింది. నలిగిన ముక్క బ్లేడుతో కోసి పారేసి, మిగిలిన రెండు కొసల్నీ సెల్లో టేపుతో అతికించాను. ఆ గెంతు గెంతింది గిటార్ కాదు, నా బ్లేడు.

ఉన్నదంతా చెప్పేశాను. ఇమ్మానియేలు నా వైపు చూసిన చూపు వర్ణించను, ఇంట్లో పిల్లలు కూడా ఇది చదువుతారు.

పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక కరెంటు అక్కర్లేని తన చెక్క గిటార్ తీసి వాడి చేతికిచ్చాడు. "లేని ముక్కని నువ్వెలా వాయిస్తావో చూపించు."

"నాకొచ్చినట్టు వాయిస్తానండి" అని వాడు వాయించాడు. వాడి వేళ్ళు చూడటానికి ఆ పెద్దాయన కుర్చీలోంచి ముందుకు వంగాడు. చివరిదాకా విని, నా వైపు తిరిగి నవ్వి, "వన్స్ మోర్" అన్నాడు.

కరెంటు వచ్చాక ఆ పాటలో ఆ ముక్క ఇమ్మానియేలే వాయించాడు. వాయించాక పెద్దాయన దండ తీసి, ముందు గట్టిగా పిండి, వాడి మెడలో వేశాడు. బాపట్ల జనం గోల గోల. ఆ గెంతుకు అసలు కర్తనైన నేను స్టేజి వెనక, వాళ్ళు తెచ్చి పడేసిన తడి ప్లగ్గుల పెట్టె ఆరాలని అట్టముక్కతో విసురుతున్నాను.

ఆ రోజే చొక్కా మీద చెయ్యి వేసుకుని ఒట్టు పెట్టుకున్నాను, కరెంటు ఉన్నచోట దండ పట్టుకోనని. తర్వాత నా పెళ్ళిలో పంతులుగారు "దండ వేయి నాయనా" అంటే, నేను దాన్ని పిండుతూ వైర్లు ఎక్కడున్నాయని వెతుకుతున్నాను. పక్కనే గిటార్ పట్టుకుని నిలబడ్డ ఇమ్మానియేలు మా ఆవిడతో అన్నాడు, "కంగారు పడకమ్మా, బ్లేడు మాత్రం ఇవ్వకు."