తోసుకుంటొచ్చిన ఫట్‌ఫటి

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీద బస్సు కోసం కూసున్న. యాభై ఏండ్లకు దగ్గరవడ్డ ఒకాయన కొత్త ఎర్ర మోటరు సైకిలును చెమటలు కారంగ తోసుకుంటొచ్చిండు.

"చెడిపోయిందా అన్నా?"

"లేదు చెల్లె, మస్తు ఉరుకుతది. చిన్నప్పటి సంది మోజు, గిప్పుడు కొన్న. కానీ ఫట్‌ఫటి సప్పుడు వింటే రజాకార్లొచ్చిన్రని జనం చేన్లకు ఉరుకుతున్నరు. గందుకే ఊరొస్తే దిగి తోస్త." సీటు తుడుసుకుంట మెల్లగ అన్నడు: "ఒక్కలన్న నిలవడి చూస్తరనుకున్న."

"నేను చూస్త, పో అన్నా."

కట్ట దాటినంక బండి మోగింది. ఆయనదేనని తెలుసు. అయినా మూట ఎత్తుకొని తుమ్మల చాటుకు ఉరికిన. తలెత్తి చూసేసరికి ఆయన ఖాళీ కట్ట దిక్కు తిరిగి చెయ్యి ఊపుతుండు.